లేని మెట్లు

మా ఊరి పేరు చెప్పను. చెబితే మిగతా ఊళ్లవాళ్లు, తమది కాదు గదా అని నిశ్చింతగా చదువుకుంటారు. గోదావరి కాలవ పక్కన ఓ మోస్తరు మునిసిపాలిటీ అనుకుంటే చాలు.

ఆ మునిసిపాలిటీ ఆఫీసుకి పై అంతస్తు వేశారు. అంతస్తు లక్షణంగా కుదిరింది. కమిషనర్ గారికి ఏసీ గది, కౌన్సిల్ వారికి మీటింగు హాలు, ముందు వరండా, గోడలకి లేత పసుపు రంగు, అన్నీ వచ్చాయి. మంత్రిగారి చేత ప్రారంభోత్సవానికి ముహూర్తం కూడా పెట్టేశారు. అప్పుడు కమిషనర్ సుధాకరబాబు గారు పైకెళ్లి ఓసారి చూసొద్దామనుకున్నారు. ఎటునుంచి వెళ్లాలో తెలియలేదు. ప్లాను తెప్పించి చూస్తే అందులో మెట్లు లేవు. గీసినవాడు మర్చిపోయాడు. సరిచూసినవాడు గీసినవాణ్ణి నమ్మాడు. ఆమోదించినవాడు సరిచూసినవాడి సంతకం చూశాడు. కట్టిన మేస్త్రీలు సర్వీ కర్రల పరంజా పట్టుకుని ఎక్కి దిగారు గనక వాళ్లకీ లోటు తెలియలేదు. ఆ అంతస్తు కట్టిన కాంట్రాక్టరు ప్లాను ప్రకారం కట్టి, ప్లాను ప్రకారం బిల్లు తీసుకుని, ఇంకో జిల్లాలో వంతెన కట్టుకోవడానికి వెళ్లిపోయాడు.

కమిషనర్ గారు కొప్పిశెట్టి అబ్బులు గారికి కబురు పెట్టారు. అబ్బులు గారు చిన్న కాంట్రాక్టరు. కల్వర్టులూ, మురుగుకాలవలూ కట్టుకుంటూ బతికే మనిషి. పని చెడగొట్టడు, పెద్దవాళ్ల మాట కాదనలేడు. ఈ రెండో గుణం ఆ వ్యాపారానికి పనికి రాదని ఆయన భార్య మంగతాయారు పెళ్లయిన కొత్తలోనే కనిపెట్టింది.

"అబ్బులు గారూ, మంత్రిగారిని తాడు కట్టి లాగలేం గదా! ముందు మెట్లు లేపండి. కాగితాలదేముంది, వెనకాల నడుచుకుంటూ వస్తాయి" అన్నారు కమిషనర్ గారు.

అబ్బులు గారు మెట్లు లేపాడు. సిమెంటు అరువు తెచ్చాడు, ఇనుము అరువు తెచ్చాడు, మేస్త్రీలకి నచ్చజెప్పాడు. మధ్యలో విశాలమైన మలుపు, చేతికి అందేలా స్టీలు కమ్మీ, ముసలివాళ్లు కూడా ఆయాసపడకుండా పొట్టి పొట్టి మెట్లు. మంత్రిగారు ఎక్కారు, పైన రిబ్బను కత్తిరించారు, దిగారు. దిగుతూ "మెట్లు బాగున్నాయి" అన్నారు కూడా.

బిల్లు పెట్టాక కాగితాలు నడుచుకుంటూ రాలేదు. అబ్బులు గారే వాటి కోసం నడిచాడు. వేసవి వెళ్లి వానలొచ్చాయి, వానలు వెళ్లి చలి వచ్చింది. సిమెంటు కొట్టు పేరయ్య కంటబడకుండా ఉండాలని ఆయన మెయిన్ రోడ్డు మానేసి, చేపల మార్కెట్ వెనకగా చుట్టు తిరిగి ఇంటికెళ్లడం మొదలుపెట్టాడు. కాంక్రీటు కలిపే మిల్లరు అమ్మి మేస్త్రీలకి కొంత సర్దాడు. మిల్లరు లేని కాంట్రాక్టరుకి కొత్త పనులు ఎవరిస్తారు? ఆఖరికి ఓ రోజు ధైర్యం తెచ్చుకుని, తను కట్టిన మెట్లే ఎక్కి, కమిషనర్ గారి ముందు నిలబడ్డాడు.

కమిషనర్ గారు చెడ్డవారు కాదు. కుర్చీ చూపించారు, మంచినీళ్లు ఇప్పించారు. తర్వాత ఫైలు తెరిచారు.

"చూడండి అబ్బులు గారూ. మంజూరైన ప్లానులో మెట్లు లేవు. అంచనాల్లో లేవు. టెండరు పిలవలేదు, వర్క్ ఆర్డరు ఇవ్వలేదు. కాబట్టి రికార్డు ప్రకారం సదరు మెట్లు నిర్మింపబడి ఉండలేదు. నిర్మింపబడని పనికి చెల్లింపు జరుపుట నిబంధనలకు విరుద్ధం."

"అయ్యా, నేను ఇప్పుడు పైకి ఎలా వచ్చానండీ?"

కమిషనర్ గారు నిజంగానే ఆలోచించారు. "అది ఈ ఫైలు పరిధిలోకి రాదు" అన్నారు.

ఆ సాయంత్రం మంగతాయారు మొగుణ్ణి వెంటబెట్టుకుని ప్లీడరు పేరిశాస్త్రి గారింటికి వెళ్లింది. పేరిశాస్త్రి గారు పడక్కుర్చీలో పడుకుని కథంతా విన్నారు.

"మార్గాలు లేకేం, బోలెడున్నాయి" అన్నారాయన. "బతిమాలుకోవడం ఒకటి. అది అయిపోయింది. మునిసిపాలిటీ మీద దావా వేయాలంటే ముందు నోటీసివ్వాలి, అది రెండోది. మూడోది దావా. కానీ నీ దగ్గర ఒప్పందం కాగితం లేదు."

"కాగితం లేకపోతే దారి లేనట్టేనా అండీ?" అంది మంగతాయారు.

"ఉందమ్మా. కాంట్రాక్టు చట్టంలో డెబ్బయ్యో సెక్షను. ఒకడు ఊరికే కాకుండా, డబ్బొస్తుందనే ఉద్దేశంతో ఇంకొకడికి ఓ పని చేసిపెట్టాడనుకో. ఆ రెండోవాడు వద్దనకుండా దాన్ని అనుభవించాడనుకో. కాగితం లేకపోయినా సరే, అనుభవించినవాడు ఇచ్చుకోవలసిందే. వాళ్లు రోజూ నీ మెట్లు ఎక్కుతున్నారా లేదా?"

"ఎక్కక ఎగురుతారా అండీ!" అన్నాడు అబ్బులు.

"మరింకేం. ఎక్కిన ప్రతి అడుగూ మనకి సాక్ష్యమే. నోటీసు వేద్దాం."

నోటీసు వెళ్లింది. దాన్ని మునిసిపాలిటీ వారి స్టాండింగ్ కౌన్సెల్ రామభద్రయ్య గారికి పంపారు. ఆయన మునిసిపాలిటీ తరఫున కోర్టుకెళ్లే వకీలు. ఆయన కళ్లద్దాలు కామా మీద కూడా కాసేపు ఆగుతాయి. ఆయన నోటీసు చదివి, కమిషనర్ గారి గదిలో తలుపు వేయించి చెప్పారు.

"ప్రమాదం అనుభవంలో ఉంది కమిషనర్ గారూ. మెట్లు ఉండటం మనకి నష్టం కాదు. ఎక్కడమే నష్టం. సంస్థ సదరు మెట్ల వల్ల ఎట్టి లబ్ధీ పొందరాదు. పొందకపోతే డెబ్బయ్యో సెక్షను మనల్ని తాకదు."

"మరి మంత్రిగారు ఎక్కారే?"

"మంత్రిగారు రాష్ట్రానికి చెందినవారు. ఆ లబ్ధి రాష్ట్రానిది."

"మేం రోజూ ఎక్కుతున్నాం గదా?"

"అది నోటీసుకి పూర్వపు అజ్ఞానం. ఇకనుంచి ఎక్కితే జ్ఞానం."

మర్నాడే సర్క్యులర్ వచ్చింది. ప్రాంగణంలో మెట్ల ఆకారంలో కనబడుచున్న నిర్మాణమును సిబ్బంది ఎవరూ ఉపయోగించరాదనీ, అతిక్రమించినవారి లబ్ధి వారి జీతం నుంచి మినహాయించబడుననీ దాని సారాంశం. పైకి వెళ్లడానికి వీధి దీపాల సెక్షను వారి నిచ్చెన తెప్పించి వరండాకి ఆనించారు. మెట్ల మొదట్లో ఓ బోర్డు పెట్టారు:

"ఇచ్చట మెట్లు లేవు. కనిపించినవాటిని వాడరాదు."

నిచ్చెన ఆఫీసుకి రావడంతో ఊళ్లో మాడిపోయిన బల్బులు మాడినట్టే ఉండిపోయాయి. చీరలు కట్టుకున్నవాళ్లం నిచ్చెన ఎక్కబోమని ఆడ ఉద్యోగులు తెగేసి చెప్పారు. రామభద్రయ్య గారు ఆలోచించి, వాళ్లని కింద సైకిల్ షెడ్డులో కూర్చోబెట్టి, ఫైళ్లను నూతి చేదలో పెట్టి పైకి లాగవచ్చునన్నారు. చేద లాగడానికి అటెండరుని పెట్టారు. అర్జంటు ఫైలైతే కిందనుంచి గట్టిగా అరిచేవారు. రహస్య ఫైలైతే ఇంకా గట్టిగా అరిచేవారు, ఎందుకంటే దాన్ని ఎవరూ చూడకుండా లాగమని చెప్పాలి గదా.

అబ్బులు గారు రోజూ వచ్చి రోడ్డుకి ఇవతల కాకా హోటలు బల్ల మీద కూర్చునేవాడు. ఆయన కట్టిన పొట్టి పొట్టి మెట్లు ఎండలో ఖాళీగా ఉండేవి. పక్కనే శానిటరీ ఇనస్పెక్టరు గారు పొట్టని నిచ్చెనకి అదుముకుంటూ దేవుణ్ణి తలుచుకుంటూ ఎక్కేవారు. మొదట్లో నవ్వొచ్చింది అబ్బులు గారికి. తర్వాత తర్వాత నవ్వు రాలేదు.

"డబ్బివ్వకపోతే ఇవ్వకపోయారు, శాస్త్రి గారూ" అన్నాడు ఓ రోజు. "ఇంత బాగా కట్టినవి పక్కనుండగా, ఆ మనుషులు అలా పాక్కుంటూ పోతుంటే చూడలేకపోతున్నానండీ."

"చూడు. చూడటం నీ లాయరు ఫీజులో భాగం" అన్నారు పేరిశాస్త్రి గారు.

ఇంతలో చింతాలమ్మ వచ్చింది. ఆవిడకి మార్కెట్లో చేపల బల్ల ఉంది. దాని లైసెన్సు ఫీజు కట్టడానికొచ్చి, చదువు రాదు గనక బోర్డు పట్టించుకోకుండా మెట్లెక్కి హాయిగా పైకి వెళ్లింది. క్యాషు గుమాస్తా డబ్బు పుచ్చుకోబోయి ఆగిపోయాడు.

"ఎటునుంచి వచ్చావమ్మా?"

"ఎటునుంచొస్తానయ్యా, మెట్ల మీంచి."

గుమాస్తా లోపలికెళ్లి అడిగాడు. లోపల రామభద్రయ్య గారున్నారు. మెట్ల ద్వారా వచ్చిన మనిషి దగ్గర ఫీజు పుచ్చుకుంటే ఆ ఆదాయం మెట్ల వల్ల కలిగిన లబ్ధి అవుతుందని ఆయన తేల్చారు. గుమాస్తా బయటికొచ్చి ఆ ముక్కే చెప్పాడు. "కిందికి దిగి, నిచ్చెన మీంచి మళ్లీ రా. అప్పుడు తీసుకుంటాం."

"డబ్బులిత్తానంటే వద్దనే ఆఫీసు నా జన్మలో సూళ్లేదు. ఉంచుకో నీ నిచ్చెన" అని చింతాలమ్మ డబ్బు కొంగున ముడేసుకుని, వచ్చిన దారినే దిగిపోయింది.

ఆ కబురు సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. పన్ను కట్టాల్సినవాళ్లందరికీ ఒక్కసారిగా మెట్లంటే గౌరవం పుట్టుకొచ్చింది. బారులు తీరి మెట్లెక్కి వెళ్లడం, "మేం మెట్ల మీంచి వచ్చామండీ, పన్ను పుచ్చుకోండి" అనడం, గుమాస్తా దణ్ణం పెట్టి తిప్పి పంపడం. ఇంటి పన్ను పోయింది, కుళాయి పన్ను పోయింది. బయానా ఇవ్వడానికొచ్చిన సంత పాటదారు కూడా మెట్లే ఎక్కాడు. మునిసిపాలిటీ ఖజానా అడుగంటుతోందని అకౌంటెంటు చేదలో చీటీ పంపాడు. రామభద్రయ్య గారు చదివి, "నష్టం వస్తోందంటే లబ్ధి పొందడం లేదనే గదా. మన వాదన బలపడుతోంది" అన్నారు.

ఓ రోజు అకాల వానకి నిచ్చెన జారి శానిటరీ ఇనస్పెక్టరు గారు బురదలో కూర్చున్నారు. దెబ్బ తగల్లేదు గానీ, నిచ్చెనని తూర్పు వైపుకి మార్చమని కమిషనర్ గారు ఆర్డరు వేశారు. తూర్పు వైపు సన్‌షేడ్ కింద పెద్ద తేనెపట్టు ఉంది. నిచ్చెన కొస సరిగ్గా అందులోకి దిగింది.

ఆ పూట పైన కౌన్సిల్ మీటింగు. కాలవ పూడిక మీద చర్చ జరుగుతుండగా ఈగలు కిటికీల్లోంచి లోపలికొచ్చాయి. తర్వాత జరిగింది అబ్బులు గారు హోటలు బల్ల మీంచి కళ్లారా చూశాడు. ముందు అటెండరు, వెనక గుమాస్తా, కౌన్సిలర్లు, ఫైలు నెత్తిన పెట్టుకుని కమిషనర్ గారు, పంచె ఎగ్గట్టి రామభద్రయ్య గారు, అందరూ మెట్ల మీంచి జలపాతంలా దిగారు. ఒక్కరూ పడలేదు, ఒక్కరూ తొక్కుకోలేదు. ఆ పొట్టి మెట్లూ, విశాలమైన మలుపూ, కమ్మీ ఆవేళ కొన్ని ప్రాణాల్ని కాపాడాయి. చివరగా దిగిన ముసలి కౌన్సిలరు గారికి అబ్బులు గారే ఎదురెళ్లి చెయ్యిచ్చి, హోటల్లో కూర్చోబెట్టి, కుట్టినచోటల్లా సున్నం రాశాడు.

"ఇక వాళ్ల పని అయిపోయింది" అన్నారు పేరిశాస్త్రి గారు. "ఊరంతా చూసింది. అనుభవించారు!"

మూతి వాచిన కమిషనర్ గారు కూడా అలాగే అనుకున్నారు. కానీ ఒక కన్ను మూసుకుపోయిన రామభద్రయ్య గారు రెండో కంటితో చట్టాన్ని మళ్లీ చదివారు. వారం తిరక్కుండా అభిప్రాయం రాసిచ్చారు.

"సంస్థ సదరు నిర్మాణం వలన లబ్ధి పొందినమాట వాస్తవం. అయితే ఆ లబ్ధి అవరోహణకు మాత్రమే పరిమితం. ఆరోహణ జరిగినట్లు సాక్ష్యం లేదు. కావున దిగుట నిమిత్తం సగము బిల్లు చెల్లించి, ఎక్కుట విషయమును వివాదంలో ఉంచవచ్చును."

కౌన్సిల్ ఏకగ్రీవంగా ఆమోదించింది. సగం బిల్లు వచ్చింది. బోర్డు మార్చారు: "దిగుటకు మాత్రమే." సిబ్బంది నిచ్చెన మీంచి ఎక్కి, మెట్ల మీంచి దిగడం మొదలుపెట్టారు.

సగం బిల్లుతో మేస్త్రీల బాకీ తీరింది. పేరయ్య బాకీ అలాగే ఉంది. అబ్బులు గారు చేపల మార్కెట్ దారి మానలేదు. "పోన్లే, ఇక్కడితో ఊరుకుందాం" అన్నాడు ఇంటికొచ్చి.

మంగతాయారు ఊరుకోలేదు. "శాస్త్రి గారూ, వాళ్లు దిగడం కొనుక్కున్నారు సరే. కొనని ఎక్కడం ఎవరిదండీ?" అని అడిగింది.

పేరిశాస్త్రి గారు పడక్కుర్చీలోంచి లేచి కూర్చున్నారు. చాలా కాలంగా ఆయన అలా లేవలేదు. "వాళ్లే రాసిచ్చారమ్మా, తమది కాదని. అయితే మీదే!" అన్నారు.

మర్నాడు పొద్దున్నే అబ్బులు గారు మెట్ల మొదట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పక్కన మంగతాయారు రాయించిన అట్ట: "ఎక్కుట: కొప్పిశెట్టి అబ్బులు గారిది. ప్రజలకు ఉచితం." ప్రజలు ఎక్కారు. ఆఫీసు వాళ్లు నిచ్చెన వైపు వెళ్లారు. రామభద్రయ్య గారు అట్ట చదివి, తప్పు పట్టడానికి చాలాసేపు ప్రయత్నించి, అది తన అభిప్రాయమే గనక పట్టలేకపోయారు.

ఎండలు ముదిరాయి. నిచ్చెన మీద కమిషనర్ గారి మోకాలు పట్టేసింది. డాక్టరు నిచ్చెన ముట్టుకోవద్దన్నాడు. ఏసీ గది పైనే ఉండిపోయింది, ఆయన కింద శానిటరీ సెక్షనులో, బ్లీచింగ్ పౌడర్ బస్తాల మధ్య కుర్చీ వేసుకున్నారు. తుమ్ముతూ సంతకాలు పెట్టారు, సంతకాలు పెడుతూ తుమ్మారు. ఓ మధ్యాహ్నం ఇక ఓర్చుకోలేక, కర్ర ఊతంగా కుంటుకుంటూ మెట్ల దగ్గరికి వచ్చారు. వెనకాలే రామభద్రయ్య గారు, ఆయన వెనక ఆఫీసంతా.

అబ్బులు గారు గభాల్న లేచి నిలబడ్డాడు. పెద్దవాళ్లొస్తే కూర్చుని ఉండటం ఆయనకి చేతకాదు.

"అబ్బులు గారూ" అన్నారు కమిషనర్ గారు, మెడ తుడుచుకుంటూ. "ఓసారి పైకెళ్లనిస్తారా?"

అబ్బులు గారికి చాలా మాటలు గుర్తొచ్చాయి. పేరిశాస్త్రి గారు నేర్పినవి, మంగతాయారు నూరిపోసినవి. కానీ కమిషనర్ గారు బరువంతా కర్ర మీదే మోపి నిలబడ్డారు. "అదేం మాటండీ, రండి" అని చెయ్యి అందించాడు.

"కమిషనర్ గారూ!" అని కేకేశారు రామభద్రయ్య గారు. "కాలు పెడితే ఒప్పుకున్నట్టే! ఆరోహణకి సాక్ష్యం ఏర్పడుతుంది!"

కమిషనర్ గారు మొదటి మెట్టు మీద కాలు పెట్టారు. రెండో కాలు కూడా పెట్టారు. అప్పుడు వెనక్కి తిరిగారు.

"ఏర్పడనివ్వండి రామభద్రయ్య గారూ. ఇంకా చెప్పేదేమైనా ఉంటే పైకొచ్చి చెప్పండి. నిచ్చెన అటుంది."

అబ్బులు గారి భుజం మీద చెయ్యి వేసి, ఆయన నెమ్మదిగా మలుపు దాకా ఎక్కారు. అక్కడ ఆగి ఊపిరి తీసుకున్నారు. "సుఖంగా కట్టారండీ" అన్నారు మెల్లగా, ఎవరికీ వినబడకుండా. ఆ మాట ఫైలు పరిధిలోకి రాదు. గదిలోకెళ్లి ఏసీ వేయించి, మిగతా బిల్లు మీద సంతకం పెట్టారు. రామభద్రయ్య గారు మాత్రం నిచ్చెన మీంచే వచ్చారు. ఆయన నియమం తప్పలేదు.

పేరయ్య బాకీ తీరింది. అబ్బులు గారు మెయిన్ రోడ్డు మీదుగా ఇంటికి నడిచి, కనబడినవాళ్లందర్నీ ఆపి పలకరించాడు. కొన్నాళ్లకి మంగతాయారు, ఇన్నాళ్లు ప్రాణం తీసిన ఆ మెట్లేవో తనూ ఓసారి చూస్తానంది. ఇద్దరూ కలిసి వెళ్లారు. ఆవిడ కమ్మీ పట్టుకుని ఊపి చూసింది, కదల్లేదు. గచ్చు మీద అరిచెయ్యి రాసి చూసింది, నున్నగా ఉంది. మలుపు దగ్గర కాలవ మీంచి గాలి వస్తుంటే, అక్కడే మెట్టు మీద చతికిలబడింది.

"బాగానే కట్టావు" అంది.

ఆయన కూడా పక్కన కూర్చున్నాడు. ఇంతలో పైనుంచి కొత్తగా చేరిన గుమాస్తా ఒకాయన ఫైళ్లతో దిగుతూ ఆగాడు.

"ఏవండీ, లేవండి లేవండి. మెట్ల మీద కూర్చోకూడదు. ఇవి మునిసిపాలిటీ వారి మెట్లు."

మంగతాయారుకి ఒళ్లు మండింది. జవాబు చెప్పబోతూ మొగుడి వైపు చూసింది. అబ్బులు గారి మొహం వెలిగిపోతోంది.

"విన్నావా!" అన్నాడు ఆయన, పంచె దులుపుకుని లేస్తూ. "ఉన్నాయంట! లే, లే, దారివ్వు."